రంది పెట్టుకున్న ఇల్లు

మా వైపు ఒక మాట ఉంది, రంది. దిగులు అని అర్థం చెప్పేసి ఊరుకోవచ్చు, చాలామంది అలాగే ఊరుకుంటారు. ఆ అర్థం విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. దిగులు కలుగుతుంది, కాసేపటికి పోతుంది. రందిని మనుషులు పెట్టుకుంటారు. రంది చేస్తారు, రందిలో పడతారు, రంది తీర్చుకుంటారు. ఒకసారి పెట్టుకున్నాక అది మనతోపాటే కంచం ముందు కూర్చుంటుంది, మనతోపాటే లేస్తుంది. ఇంత పని చేసే మాటను పట్టుకొని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎట్లా?

మంథని అవతల మా తల్లిగారి ఊళ్లో ఈ మాటను నేను మొదట విన్నది ఒక బర్రె గురించి. ఈనిన కొద్దిరోజులకే దాని దూడ చచ్చిపోయింది. బర్రె గడ్డి ముట్టలేదు, కుడితి ముట్టలేదు. దూడను కట్టేసిన గుంజ వైపు మెడ తిప్పి నిలబడేది. చచ్చిన దూడ తోలులో గడ్డి కుక్కి ముందు నిలబెడితే చేపుతుందని, పాలు పిండుకోవచ్చని మా కాక అన్నాడు. మా అవ్వ కర్ర పట్టుకొని కొట్టం ముందు అడ్డం నిలబడింది.

"రంది పెట్టుకున్నదిరా అది. దాని రంది దాన్ని తీర్చుకోనియ్యిండ్రి. పాలు ఇయ్యాల కాకుంటే రేపిస్తది" అంది.

అవ్వ మాటకు ఎదురు లేదు. ఆ ఇంట్లో కొన్నాళ్లు పాలు లేని చాయే తాగాము. బర్రె తనంతట తానే ఒక పొద్దున గడ్డికి మూతి పెట్టింది.

ఆ తర్వాత మా తమ్ముడి వంతు వచ్చింది. వాడికి పాలు మాన్పించాలని అమ్మ వారం రోజులు తల్లిగారింటికి పోయింది. వాడు ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. గడప మీద కూర్చొని వాకిలి చూసేవాడు, సాయంత్రానికి ఒళ్లు కాలేది. దవాఖానకు తీసుకుపోతే సీసా మందు ఇచ్చారు. అవ్వ ఆ సీసాను గూట్లో పెట్టి, అమ్మ కట్టి విడిచిన చీరను ఉతక్కుండానే తెచ్చి వాడి కింద పరిచింది. "ఇది రంది జరం. మందుకు పోదు, వాసనకు పోతది" అంది. పోయింది కూడా. మందుకే పోయిందని మా నాన్న అంటే, సీసా మూత కూడా తియ్యలేదని అవ్వ తెచ్చి చూపించింది.

అవ్వ ఇంకా ముందుకు పోయేది. నాటు వేసిన కొత్తలో నారు పసుపుపచ్చగా వాలిపోతుంది కదా, దాన్ని చూసి "పాత మడి మీద రంది" అనేది. నారుకు కూడా రంది ఉంటుందని అన్న మనిషిని అవ్వ తర్వాత నేను మళ్లీ చూడలేదు.

ఇవన్నీ మెత్తటి అర్థాలు. దీనికి గరుకు ముఖం కూడా ఉంది. పక్కవాళ్ల సంగతి అడిగితే "నీకెందుకు రంది?" అంటారు, అంటే నోరు మూసుకో అని. బాగుపడ్డవాణ్ని చూసి "వానికేం రంది" అంటారు, అందులో సగం కుళ్లు. ఇల్లు పట్టని మగవాణ్ని "రంది లేని మనిషి" అంటారు. అదే మాటను ముఖం మీద ముడత లేని ముసలివాళ్ల గురించి అంటే పొగడ్త. కొడుకు పోయిన ఏడాదికే తల్లి పోతే "రందికే పోయింది" అంటారు. అక్కడ ఇంకెవరూ ఏ రోగమని అడగరు.

పెళ్లయి గోదావరిఖని వచ్చాక దీనికి ఇంకో ఉద్యోగం కూడా ఉందని తెలిసింది. నా పెనిమిటి బొగ్గుబాయిలో పనిచేసేవాడు. షిఫ్టు విడిచిన తర్వాత మగవాడు వచ్చి వాకిట్లో సైకిలు ఆపేదాకా కొంత సమయం ఉంటుంది. మా క్వార్టర్ల వరసలో ఒక పెద్దామె దాన్ని "రంది యాళ్ల" అనేది. "రంది యాళ్లయింది, బియ్యం పట్టుకొని రాండ్రి" అని పిలిచేది. ఆడవాళ్లమంతా చాటలు పట్టుకొని ఆమె అరుగు మీద చేరి రాళ్లు ఏరేవాళ్లం. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరేవాళ్లం. ఎవరి మనిషి వస్తే వాళ్లు ఏమీ మాట్లాడకుండా చాట ఎత్తుకొని లేచిపోయేవాళ్లు. చివరికి మిగిలిన ఆడమనిషిని ఆ పెద్దామె ఒంటరిగా వదిలేది కాదు. నేను చాలాసార్లు చివరిదాన్ని, ఎందుకంటే మా ఆయన బాయి బయట హోటల్లో చాయ్ తాగనిదే కదిలే మనిషి కాదు.

జ్యోతినగర్‌లో ఒక బడిలో నేను తెలుగు చెప్తాను. అక్కడి పిల్లలు చాలామంది ఇంజనీర్ల పిల్లలు, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు. ఒకసారి పాఠం మధ్యలో నా నోటి నుంచి ఈ మాట జారింది. ఒక అమ్మాయి లేచి "రంది అంటే ఏమిటి టీచర్?" అని అడిగింది. బోర్డు మీద దిగులు అని రాసి కొట్టేశాను. బెంగ అని రాశాను. బెంగ దగ్గరిదే, కానీ బెంగతో ఎవరూ పక్కవాడి నోరు మూయించరు. చింత, ఆందోళన, మనోవ్యథ అన్నీ రాసి అన్నీ కొట్టేశాను. బోర్డు నిండా సుద్ద గీతలు. చివరికి ఆ పిల్ల నా మీద జాలిపడి "పోనీలెండి టీచర్" అని కూర్చుంది. ఆ రోజంతా నాకు చిరాకుగానే ఉంది. నాకు అంత బాగా తెలిసిన దాన్ని చెప్పలేకపోవడం ఏమిటని.

ఆయన నౌకరి దిగిపోయిన రోజు పూలదండలు, శాలువా, డప్పులతో ఇంటికి తెచ్చి దింపారు. నేను ఆ దండలు తీసి మేకుకు తగిలించి, మధ్యాహ్నమే పడుకొని చీకటి పడేదాకా లేవలేదు. పెళ్లయ్యాక అట్లాంటి నిద్ర అదే మొదలు. ఇక ఈ ఇంటికి షిఫ్టు లేదు, నాకు ఎదురుచూపు లేదు అనుకున్నాను.

మా అమ్మాయి సంగతి లెక్కలో వేసుకోలేదు. అది మైనింగు డిప్లొమా చదువుతానన్నప్పుడు సీటు దొరకదులే అని ఊ అన్నాను. దొరికింది. ఆడవాళ్లను బాయిలోకి దించరు కదా అని ఒక ధైర్యం ఉండేది. ఆ రూలూ మారింది. చదువు అయింది, వాళ్ల నాన్న పనిచేసిన బాయిలోనే ట్రైనీగా ఉద్యోగం వచ్చింది. లోపలికి దిగే ఉద్యోగం.

ఇంటికి వచ్చినవాళ్లందరూ ఒకటే మాట. "అక్కా, ఇగ మీకేం రందే! బిడ్డ కొడుకు లెక్క నౌకరి కొట్టింది" అని పక్కింటామె మిఠాయి నోట్లో పెట్టుకొని మరీ అంది. నేను నవ్వలేదు. నోట్లో చక్కెర ఎక్కువైనట్టుంది, ఇంకోటి తీసుకో అని దెప్పాను. ఆమె ముఖం మాడ్చుకొని పోయింది. నిజం చెప్పాలంటే, ఆ రోజుల్లో నాతో ఎవరు మాట్లాడినా కొట్లాటకే దారితీసేది.

అమ్మాయితో అయితే రోజూ యుద్ధమే. బ్యాంకు పరీక్షలు రాయమన్నాను, బడిలో చేరమన్నాను, ఇంకా చదవమన్నాను. అది అన్నీ విని ఒక్కటే అడిగింది.

"బాపు పోతే ఏం లేదు గని, నేను పోతే ఏందమ్మా?"

"బాపు పోయినప్పుడు కూడ ఉండె. నీకు చెప్పలె, గంతే."

"ఇప్పుడు కూడ చెప్పకు మరి" అంది నవ్వుతూ. దాని నోటికి హద్దు లేదు, నా పోలికే.

మొదటి రోజు పొద్దుటి షిఫ్టు. వానాకాలం, సన్నటి తుంపర. నేను బడికి సెలవు పెట్టాను. డబ్బాలో అన్నం, బీరకాయ కూర పెట్టాను. బాయిలోకి ఫోను తీసుకుపోకూడదు కాబట్టి దాని ఫోను బల్ల మీదే పెట్టేసింది. టోపీ సంచిలో వేసుకొని, వానకోటు తొడుక్కొని వాకిట్లో నిలబడి నా వైపు చూసింది. నేను ఒక్క మాట కూడా అనలేదు. అనకూడదని గట్టిగా అనుకున్నాను. కానీ నోరు మూసుకున్నంత మాత్రాన ముఖం ఊరుకుంటుందా?

"గట్ల సూడకే అమ్మా" అంది. వెళ్లిపోయింది.

తర్వాత ఏం చేశానో వరసగా చెప్పలేను. ఇల్లు ఊడ్చాను. ఊడ్చిన ఇల్లే మళ్లీ ఊడ్చాను. పప్పు డబ్బాలు కడిగి బోర్లించాను, తడి ఆరకముందే పప్పులు పోసి తిట్టుకున్నాను. టీవీ పెట్టి తీసేశాను. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగుకు కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఇన్నేళ్లుగా రోజూ వినే చప్పుడే, ఆ రోజు చేతిలో గిన్నె జారి కింద పడింది. ఆయన మాత్రం కడుపునిండా తిని మంచం మీద ఒరిగాడు. "రంది లేని మనిషి" అని వినబడేటట్టే అన్నాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

షిఫ్టు విడిచే వేళ దగ్గరపడేసరికి నాకు ఇంట్లో గాలి ఆడలేదు. చెప్పులు వేసుకున్నాను.

"ఎటు?" అన్నాడు ఆయన కళ్లు తెరవకుండానే.

"కూరగాయలకు."

"సంచి లేకుంటనా?"

బయటపడ్డాను. ఆటో ఎక్కాక చూసుకుంటే ఫోను కూడా తేలేదు.

బాయి గేటు దగ్గర కాపలా మనిషి నన్ను గుర్తుపట్టి లోపలికి పోనిచ్చాడు. అప్పటికే మొదటి జట్లు పైకి వచ్చేశాయి. మసి ముఖాలతో మనుషులు గుంపులుగా వస్తూనే ఉన్నారు. అందరి కళ్లు, పళ్లు ఒకే తీరున ఉంటాయి. ఒక్కొక్క ముఖాన్నీ వెతికాను. నా బిడ్డ లేదు. నేరుగా లాంపు రూం కిటికీ దగ్గరికి పోయాను.

బాయిలోకి దిగే ప్రతి మనిషీ అక్కడ తన నంబరు లాంపు తీసుకొని టోపీకి పెట్టుకుంటాడు. పైకి రాగానే తెచ్చి అక్కడే ఇచ్చేస్తాడు. దాని జాగాలో అది పెడితేనే ఆ మనిషి బయటికి వచ్చినట్టు. అక్కడ కూర్చునే ఆయన మా ఆయనతో పనిచేసినవాడే, నన్ను వదినె అంటాడు.

"అన్నా, మా బిడ్డ పైకొచ్చిందా?"

"ఇంక రాలే వదినె. లాంపు రాలే. వస్తది, ఏం తొందర? మొదటి రోజే తోలుకపోతందుకు వచ్చినవా, బడి పిల్ల లెక్క?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. కిటికీ పక్కనే నిలబడి లోపలి వరసలు చూస్తూ ఉండిపోయాను. ఖాళీ జాగాలు ఒక్కొక్కటీ నిండుతున్నాయి. లాంపు పెట్టినప్పుడల్లా ఒక చిన్న ఎర్రదీపం వెలుగుతుంది. వరసలకు వరసలు ఎర్రబడ్డాయి. వచ్చే మనుషులు పలచబడ్డారు. చివరికి ఒక్క జాగా మిగిలింది.

లాంపు రూం ఆయన హాస్యాలు మానేశాడు. ఫోను ఎత్తి లోపలికి మాట్లాడాడు. ట్రైనీలను తిప్పిన సారు అవతలి నుంచి ఏదో చెప్పాడు.

"జల్దినే పైకి పోయిందా? మరి లాంపేది సారూ?" అన్నాడు ఈయన. ఆ మాట కిటికీ బయటున్న అందరూ విన్నారు.

అప్పుడు నేను చూసింది మర్చిపోలేను. ఆ బాయిలో ఒక పద్ధతి ఉంది. ఏ కాగితంలోనూ లేదు గానీ అందరికీ తెలుసు. లాంపు రానంతసేపు ఆ మనిషి లోపలే ఉన్నట్టు. పైకి పోతుండగా చూశామని ఎంతమంది చెప్పినా చెల్లదు. లాంపు వచ్చేదాకా ఆ షిఫ్టువాళ్లెవరూ ఇంటికి పోరు. సైకిళ్ల దగ్గరికి పోయినవాళ్లు వెనక్కి వచ్చారు. నల్లాల దగ్గర స్నానం చేస్తున్నవాళ్లు చెవుల వెనక సబ్బు నురగ అట్లాగే ఉండగా, విడిచిన మసిబట్టలే మళ్లీ తొడుక్కున్నారు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. ఒకతను తల తుడుచుకుంటూ కిటికీలో చెయ్యి చాపి "నాదియ్యన్నా" అన్నాడు. వెనక ఇంకొకరు. ఆ ఎర్రదీపాలు ఒక్కొక్కటే మళ్లీ ఆరిపోవడం మొదలుపెట్టాయి.

నాకు భయం వేసింది. ఇన్నేళ్లూ రంది అనే మాటను మోశాననుకున్నాను, పిల్లలకు అర్థాలు చెప్పబోయాను, అది ఇట్లా మీద పడుతుందని తెలియనేలేదు. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ రూలు మార్చినవాళ్ల మీద, సీటు ఇచ్చిన కాలేజీ మీద, ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి మీద. ఆ తర్వాత, ఎందుకో, బీరకాయ కూర గుర్తొచ్చింది. దానికి బీరకాయ అంటే పడదు. మొదటి రోజు పోతున్న పిల్లకు అది ఎందుకు పెట్టాను? ఇంట్లో వంకాయలు ఉన్నాయి కదా? అప్పుడు వచ్చింది ఏడుపు.

"కూసో వదినె, కూసో" అంటూ ఎవరో స్టూలు తెచ్చారు. నేను కూర్చోలేదు. "మాటలెందుకు, దిగుండ్రి!" అని అరిచాను. వాళ్లు అప్పటికే దిగడానికి నడుస్తున్నారు.

లాంపు రూంలో ఫోను మోగింది. కిటికీ చుట్టూ అందరం ఒక్కసారిగా ఆగిపోయాము. ఆయన విన్నాడు. "ఆఁ" అన్నాడు. మళ్లీ "ఆఁ" అన్నాడు. తర్వాత ఇక్కడ రాయలేని తిట్టు ఒకటి తిట్టి కుర్చీలో కూలబడ్డాడు.

"వదినె, నీ బిడ్డ ఇంటికాడున్నది. లాంపు కూడ ఇంటికాడనే ఉన్నది. మీ ఆయన ఫోను."

దిగబోతున్నవాళ్లను కేకలేసి వెనక్కి పిలిచారు. కొందరు పడీపడీ నవ్వారు, ఇద్దరు ముగ్గురు తిట్టారు. తల తుడుచుకుంటూ వచ్చినతను మాత్రం ఏమీ అనకుండా తన లాంపు తిరిగి ఇచ్చి, మళ్లీ నల్లా దగ్గరికి పోయాడు. నేను అప్పుడు స్టూలు మీద కూర్చున్నాను.

జరిగింది ఇంతే. మా అమ్మాయి మొదటి జట్టుతోనే పైకి వచ్చింది. తోటి ఉద్యోగిని ఒకామె స్కూటీ మీద బయలుదేరుతుంటే, నేనూ వస్తానని టోపీ తీసి సంచిలో కుక్కుకొని వెనక ఎక్కేసింది. ఇప్పటి లాంపులకు వైరు లేదు, నడుముకు బరువైన బ్యాటరీ లేదు. చిన్నది, టోపీకే అంటిపెట్టుకొని ఉంటుంది. నేను ఆటోలో ఇటు వస్తుంటే అది స్కూటీ మీద అటు పోయింది. ఇంటికి పోయి సంచిలోంచి టోపీ తీస్తే ముందుగా చూసింది వాళ్ల నాన్న. మంచం మీది నుంచి ఎగిరి దూకాడట. ఆ మనిషి ఎగిరి దూకడం నేను చూడలేకపోయాను.

కాసేపట్లో ఆయన బండి మీద ఇద్దరూ వచ్చారు. అమ్మాయి రెండు చేతులతో టోపీ పట్టుకొని కిటికీ దగ్గరికి వచ్చింది.

"లాంపంటే ఏందనుకున్నవు బిడ్డా?" అన్నాడు లాంపు రూం ఆయన. గొంతు పెంచలేదు. "ఇది ఇయ్యకుంట నువ్వు ఇంటికి పోయినా పోనట్టే. వీళ్లంత నీ కోసం మళ్ల దిగబోయిండ్రు."

అది అక్కడున్న ఒక్కొక్కరి దగ్గరికీ పోయి "తప్పైందన్నా, తప్పైంది కాకా" అని చెప్పుకుంది. వాళ్లు "పో బిడ్డా పో, మొదటి రోజు" అన్నారు. చివరికి నా దగ్గరికి వచ్చింది. కొట్టాలనే చెయ్యి ఎత్తాను. ఆ చెయ్యి దాని భుజం మీద పడింది, అక్కడి నుంచి తియ్యబుద్ధి కాలేదు.

గేటు బయట హోటల్లో ముగ్గురం చాయ్‌కి కూర్చున్నాము. తుంపర తగ్గలేదు. వాళ్ల నాన్న చాయ్ ఊదుకుంటూ "లోపట గాలి ఎట్లున్నది?" అని అడిగాడు. అంతే, తండ్రీ బిడ్డా మొదలుపెట్టారు. ఎన్నో లెవెల్లో ఏముందో, పాత దారి మూసేశారో లేదో, ఏ మలుపు దగ్గర నీళ్లు కారుతున్నాయో. నాకు సగం అర్థం కాలేదు. దాని ముఖం చూశాను. చెవి పక్కన ఇంకా మసి ఉంది. పదో తరగతి పాసైనప్పుడు కూడా దాని ముఖం అంత వెలగలేదు.

"ఎట్ల మర్చిపోయినవే?" అన్నాను మధ్యలో. "అంత చదివి, లాంపెట్ల మర్చిపోయినవు?"

అది గ్లాసు కింద పెట్టింది.

"పొద్దున నీ ముఖం చూసి పోయిన కదమ్మా. దిగిన కాడికెల్లి అదే. ఇంటికాడ ఏం చేస్తున్నవో, తిన్నవో లేదో, ఏడుస్తున్నవేమో అని. సారు ఏదో చూపిస్తుండు, నా మనసు అక్కడ లేదు. పైకి రాంగనే ఉరికిన. ఇంకేం సోయి లేకుండె" అంది.

నేను ఏదో అనబోయాను. ఆయన అడ్డుపడ్డాడు. కోపంగా కాదు, కూర సంగతి మాట్లాడినట్టే అన్నాడు.

"బాయిల దిగినోళ్ల మనసు నెత్తి మీది రాతికప్పు మీద ఉండాలె. ఇంటి మీద ఉండొద్దు. ఇయ్యాల లాంపు మర్చిపోయింది. రేపు కప్పు చూసుడు మర్చిపోతే?"

రంది అంటే పైన ఉన్నవాళ్లే చేస్తారని, అది బాయి లోపలికి దిగదని అనుకున్నాను. ఆ పొద్దున దాన్ని నేనే నా చేత్తో పంపాను. ఎనిమిది గంటలు నెత్తి మీద రాతిపొర ఉంటే, నా బిడ్డ నా గురించి ఆలోచించింది.

ఇంటికి వచ్చాక, అన్నాలు తినేటప్పుడు, అది నా వైపు చూడకుండా అంది.

"నువ్వు వద్దంటే రేపు పోనమ్మా. నిజంగ చెప్తున్న. ఇంకేదన్న చూసుకుంట."

నెలల తరబడి నేను కొట్లాడింది ఈ మాట కోసమే. ఒక్క అక్షరం అంటే చాలు, ఆ రాత్రి నుంచే హాయిగా నిద్రపోవచ్చు. ఆయన తల ఎత్తలేదు, ముద్ద మాత్రం ఆపాడు. నాకు హోటల్లో దాని ముఖం గుర్తొచ్చింది, మసి అంటిన చెవి గుర్తొచ్చింది. నేను వద్దంటే మానేస్తుంది. ఆ తర్వాత గడప మీద కూర్చొని వాకిలి చూస్తుంది, నోరు తెరిచి ఏమీ అనదు. దాన్ని అట్లా చూడటం నా వల్ల కాదు.

"అన్నం చల్లారుతున్నది, తిను" అన్నాను.

తెల్లవారి నేనే ముందు లేచాను. వంకాయ కూర వండాను. ముఖం కడుక్కొని, ఒక్కసారి కాదు, చాలాసార్లు కడుక్కొని, అద్దం ముందు నిలబడ్డాను. నా ముఖానికి నేనే నచ్చచెప్పుకున్నాను. రంది పెదవుల మీద కాదు, కళ్ల కింద ఉంటుంది. దాన్ని సరిచెయ్యడానికి చాలాసేపు పట్టింది. బొట్టు పెద్దది పెట్టుకున్నాను.

అది టోపీ పట్టుకొని వాకిట్లో నిలబడి మళ్లీ నా ముఖం చూసింది. ఈసారి వెతికినట్టు చూసింది.

"ఏందే, గట్ల నిలబడ్డవు? జల్ది పో. నాకు బడి ఉన్నది, పిల్లల కాపీలు దిద్దాలె, మస్తు పనున్నది" అన్నాను. "నాకేం రంది లేదు."

అబద్ధమని దానికి తెలియదని నేను అనుకోను. నా చేతిలోంచి డబ్బా అందుకుంది. "సరే అమ్మా" అంది. వాళ్ల నాన్న అరుగు మీద కూర్చొని పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

అది వీధి చివర మలుపు తిరిగేదాకా నవ్వుతూనే నిలబడ్డాను. మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగి చూసింది, అప్పుడూ నవ్వే ఉంది. అది కనబడకుండా పోయాక లోపలికి వచ్చి చూసుకుంటే దవడలు రెండూ నొప్పి పెడుతున్నాయి.